పొట్ట బయట పేగులతో పుట్టిన పాప: ఒక గ్యాస్ట్రోస్కైసిస్ కేస్ స్టడీ

తల్లికి 19 ఏళ్లు. తొలి కాన్పు, మేనరికం కాదు. ఊరు నర్సీపట్నం చుట్టుపక్కల. భర్తకు అచ్యుతాపురంలో కాంట్రాక్టు పని. మూడో నెలలో ఒక స్కాన్ తీయించుకుంటే గుండె కొట్టుకుంటోంది, అంతా బాగుందన్నారు. అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూడటానికి తీయాల్సిన టిఫా స్కాన్ మాత్రం జరగలేదు. సరిగ్గా ఆ సమయంలోనే అమ్మాయి అత్తారింటి నుంచి పుట్టింటికి వెళ్లింది. ఈ ఊరి ఆశా కార్యకర్త అక్కడ తీయించుకుంటుందిలే అనుకుంది, ఆ ఊరి ఆశా ఇక్కడే అయిపోయి ఉంటుందనుకుంది. ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టులో బిడ్డ బరువు కాస్త తక్కువని, ఉమ్మనీరు పర్వాలేదని ఉంది. పొట్ట గోడ గురించి ఒక్క ముక్క లేదు. హిమోగ్లోబిన్ 8.9. 36 వారాలు నిండాక నొప్పులొచ్చి, దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రిపూట మామూలు కాన్పు అయింది. ఆడపిల్ల, వెంటనే ఏడ్చింది. బొడ్డుతాడు దాని చోట అది మామూలుగానే ఉంది. దానికి కుడి పక్కన ఉన్న రంధ్రంలోంచి పేగులు బయటికి వచ్చేసి ఉన్నాయి, వాటి మీద ఏ పొరా లేదు.

తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. ఊరి పేరు, తేదీలు, ఆసుపత్రుల పేర్లు చెప్పడం లేదు.

సర్జన్‌ని కాబట్టి నేను ఆపరేషన్ గురించే ఎక్కువ రాస్తానని అనుకోవచ్చు. ఈ పాప విషయంలో ఆపరేషన్ మామూలుగానే సాగింది. ఆపరేషన్‌కి ముందు గంటల్లో ఏం జరిగింది, తర్వాతి వారాల్లో ఏం జరిగింది అన్నదే నాకు ముఖ్యం. చిన్న ఆసుపత్రుల్లో కాన్పులు చేసేవాళ్లు, ఎన్‌ఐసీయూల్లో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో) కొత్తగా చేరినవాళ్లు చదివితే చాలు.

మొదటి రెండు గంటలు

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్స్ అంతకు ముందు నవజాత శిశువుల యూనిట్‌లో పనిచేసి వచ్చిన మనిషి. బిడ్డను చూసి గదిలో అందరూ హడావుడి పడుతుంటే, ఆవిడ ముందుగా చేసిన పని తడి గాజుగుడ్డలు తెస్తున్న ఆయాను ఆపడం. పేగులు ఆరిపోకూడదని తడి గుడ్డ కప్పి పంపించడం ఇప్పటికీ చాలాచోట్ల చూస్తున్నాం. ఉద్దేశం మంచిదే. కానీ ఆ తడి కాసేపట్లో చల్లబడి బిడ్డ ఒంట్లో వేడిని లాగేస్తుంది. రెండు కిలోల బిడ్డకు ఉన్న వేడే తక్కువ. పైగా గుడ్డ పేగులకు అతుక్కుపోయి, మేం తీసేటప్పుడు పైపొర చిట్లి రక్తం కారుతుంది.

ఆవిడ స్టెరైల్ ప్లాస్టిక్ సంచీ ఒకటి తీసి, బిడ్డ కాళ్ల మీదుగా ఎక్కించి, చంకల కిందివరకూ లాగి వదులుగా కట్టింది. అలా చేస్తే పేగులు ఆరవు, వేడి పోదు, పైనుంచి రంగు కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాతే ఫోన్ చేసింది.

"మేడం, బొడ్డు పక్కనుంచి పేగులన్నీ బయటున్నాయి. పొర లేదు. సంచీలో పెట్టేశాను. ఇంకేం చెయ్యమంటారు?"

ఇంత క్లుప్తంగా, ఇంత పనికొచ్చేలా చెప్పే ఫోన్లు మాకు అరుదు. "పొర లేదు" అన్న ఆ ఒక్క మాటతో సగం డయాగ్నోసిస్ అయిపోయింది.

నేను చెప్పినవి ఇవి. నోటి ద్వారా పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేసి, దాని చివర మూయకుండా వదిలెయ్యాలి, మధ్యమధ్యలో సిరంజితో లాగాలి. పొట్టలో గాలి, పసరు పేరుకుంటే బయట ఉన్న పేగులు ఇంకా ఉబ్బుతాయి, వాటిని లోపలికి పంపడం అంత కష్టమవుతుంది. చేతికి ఐవీ లైన్ పెట్టాలి, కాలికి వద్దు, ఎందుకంటే రేపు పేగులు లోపలికి వెళ్లాక పొట్టలో ఒత్తిడి పెరిగి కాళ్లనుంచి వచ్చే రక్తం సరిగా రాదు. నార్మల్ సెలైన్ కిలోకి 10 మిల్లీలీటర్లు, ఆ తర్వాత 10 శాతం డెక్స్‌ట్రోజ్. షుగర్ చూడాలి. విటమిన్ కె, యాంటీబయాటిక్ తొలి డోసు ఇవ్వాలి. నోట్లో తేనె, పంచదార నీళ్లు, పాలు, ఏవీ వెయ్యకూడదు. ఈ చివరి మాట ఆవిడకు కాదు, పక్కనున్న అమ్మమ్మకు వినిపించమని చెప్పాను.

ఇంకొకటి, బిడ్డను కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టడం. దీన్ని చాలామంది మర్చిపోతారు. పేగులకు రక్తం తెచ్చే నాళాలన్నీ ఆ చిన్న రంధ్రంలోంచే బయటికి వస్తాయి. రంధ్రం బొడ్డుకు కుడివైపు ఉంటుంది కాబట్టి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పేగులను ఒక పక్కకు వేలాడేస్తే ఆ నాళాలు అంచు మీద మడత పడతాయి. తోటలో నీళ్ల పైపు మడత పడితే చివర నీళ్లు రానట్టే ఇక్కడ రక్తం ఆగిపోతుంది. కుడి పక్కకు తిప్పి, పేగుల కింద చుట్టిన గుడ్డ ఒకటి ఆనించి, మధ్యమధ్యలో రంగు చూస్తూ ఉండాలి. గులాబీ రంగు నుంచి నలుపుకు తిరుగుతుంటే వెంటనే పేగులను ఎత్తిపట్టి, మెలిక పడిందేమో చూడాలి.

108లో బయల్దేరారు. తలకు టోపీ, కాళ్లకు సాక్సులు, సంచీ మీద పొడి దుప్పటి. వాహనంలో ఏసీ ఆపేశారు. అంబులెన్స్‌లో బిడ్డను చూసుకునే ఈఎంటీ కుర్రాడు తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కాక ఒకసారి, అనకాపల్లి దాటాక ఒకసారి ఫోన్ చేసి పేగుల రంగు చెప్పాడు. రెండోసారి "కొంచెం నీలంగా ఉన్నాయి మేడం" అంటే, వాహనం పక్కకు ఆపి పేగులను కొంచెం పైకి లేపి పట్టుకోమన్నాను. అయిదు నిమిషాల్లో రంగు తిరిగింది.

2021లో లాన్సెట్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో పేగులకు సంబంధించిన పుట్టుక లోపాలున్న పిల్లల్ని చూసింది. గ్యాస్ట్రోస్కైసిస్‌తో పుట్టిన పిల్లల్లో మరణాలు ధనిక దేశాల్లో 1.4 శాతం, మధ్య ఆదాయ దేశాల్లో 31.9 శాతం, పేద దేశాల్లో 90 శాతం. జబ్బు ఒకటే, ఆపరేషన్ కూడా దాదాపు ఒకటే. ఈ తేడాలో ఎన్‌ఐసీయూ, వెంటిలేటర్, సెలైన్‌లో ఇచ్చే పోషణ అన్నీ ఉంటాయి, నిజమే. కానీ మా దగ్గరికి 34 డిగ్రీల ఒంటి వేడితో, నల్లబడిన పేగులతో వచ్చే బిడ్డల్ని చూశాక, ఆ తేడాలో పెద్ద భాగం దారిలోనే తేలిపోతోందని నా అభిప్రాయం.

వచ్చినప్పుడు

పుట్టిన నాలుగు గంటలకు మా దగ్గరికి చేరింది. బరువు 2,050 గ్రాములు. ఒంటి వేడి 35.8 డిగ్రీల సెల్సియస్, నాడి 172, షుగర్ 52. చర్మాన్ని నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. రక్తంలో పీహెచ్ 7.25, బేస్ లోటు 9, అంటే రక్తంలో ఆమ్లం పెరిగింది. బయట ఉన్న పేగుల మీదుగా నీరు, ప్రోటీన్ కారిపోతూ ఉంటాయి కాబట్టి ఈ పిల్లలకు మామూలు నవజాత శిశువు కన్నా సెలైన్ చాలా ఎక్కువ కావాలి. కిలోకి ఇంకో 10 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఒక్కసారిగా ఎక్కించి, వార్మర్ కింద పెట్టాం. రెండు గంటల్లో మూత్రం వచ్చింది, నాడి 150కి దిగింది.

రంధ్రం సుమారు 3 సెంటీమీటర్లు. జీర్ణాశయంలో కొంత భాగం, చిన్నపేగు మొత్తం, పెద్దపేగులో ఎక్కువ భాగం, ఒక పక్క అండాశయం కూడా బయట ఉన్నాయి. ఆడపిల్లల్లో అండాశయం, మగపిల్లల్లో వృషణం ఇలా బయటికి రావడం కొత్తేమీ కాదు. పేగులు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, పైన తెల్లటి మందపు పొరతో ఉన్నాయి. నెలల తరబడి ఉమ్మనీటిలో నేరుగా నానడం వల్ల వచ్చే వాపు ఇది. ఈ పొర వల్లనే మధ్యలో ఎక్కడైనా పేగు మూసుకుపోయి ఉందా అన్నది మొదటి రోజు కచ్చితంగా చెప్పలేం. ఈ పిల్లల్లో పది మందిలో ఒకరికి అలా ఉంటుంది. పొరను ఒలిచి చూడాలన్న ఉబలాటం ఉంటుంది, దాన్ని ఆపుకోవాలి. ఒలిస్తే పేగు చిల్లు పడుతుంది.

గ్యాస్ట్రోస్కైసిస్‌ని ఆంఫలోసీల్‌తో కలిపేసి మాట్లాడటం డాక్టర్లలో కూడా ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గర్భంలో ఆరో వారం నుంచి పేగులు త్వరత్వరగా పెరిగి పొట్టలో చోటు చాలక బొడ్డుతాడులోకి వెళ్తాయి. పన్నెండో వారానికి తిరిగి లోపలికి వచ్చేస్తాయి. అందుకే మూడో నెల స్కాన్‌లో బొడ్డుతాడులో పేగు కనబడినా ఒక్కోసారి అది మామూలే. అలా వెనక్కి రాకుండా బొడ్డు దగ్గరే ఒక సంచీలో ఉండిపోతే అది ఆంఫలోసీల్. దానికి పొర ఉంటుంది, బొడ్డుతాడు ఆ సంచీ మీదనుంచే మొదలవుతుంది, పెద్దవాటిలో కాలేయం కూడా ఉంటుంది. గ్యాస్ట్రోస్కైసిస్‌లో బొడ్డుతాడు పక్కన పొట్టగోడకే రంధ్రం, పొర ఉండదు.

మిగతా తేడా కంటికి కనిపించేది కాదు. ఆంఫలోసీల్ పిల్లల్లో సగానికి పైగా మరో లోపం ఉంటుంది. గుండె జబ్బు, ట్రైసోమీ 13 లేదా 18 (ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం), లేదా బెక్‌విత్-వీడెమన్ సిండ్రోమ్. ఈ చివరిదాంట్లో నాలుక పెద్దదిగా ఉండి, షుగర్ హఠాత్తుగా పడిపోతుంది. అందుకని ఆంఫలోసీల్ బిడ్డ వస్తే మొదట చూడాల్సింది గుండె, షుగర్. పొర చిరగనంత వరకూ ఆపరేషన్‌కి తొందర లేదు. గ్యాస్ట్రోస్కైసిస్ బిడ్డలో మిగతా శరీరం సాధారణంగా బాగానే ఉంటుంది, తొందరంతా పేగులదే. మా పాపకు ఎకోలో గుండె బాగుంది.

ఆ వారమే మా వార్డులో పాడేరు వైపు నుంచి వచ్చిన ఆంఫలోసీల్ బాబు ఒకడున్నాడు. కాలేయం మొత్తం సంచీలోనే ఉంది. వాడికి ఆపరేషన్ చెయ్యలేదు. సంచీ మీద మందు రాస్తూ, అది ఎండి గట్టిపడి పైన చర్మం పాకేదాకా ఆగాం. పొట్టగోడను కుట్టడం ఏడాదో రెండేళ్లో అయ్యాక. పోవిడోన్ అయోడిన్ రాయడం పాత అలవాటు. కానీ అయోడిన్ ఒంట్లోకి ఇంకి థైరాయిడ్‌ని దెబ్బతీయొచ్చు కాబట్టి మేం సిల్వర్ సల్ఫాడయజీన్ వాడుతున్నాం. పక్కపక్క మంచాల మీద ఉన్న ఈ ఇద్దరు పిల్లల్నీ చూసి రెండు కుటుంబాలూ ఒకరినొకరు అడుగుతుండేవారు, "మీ వాడికి కోయలేదు, మా దానికి ఎందుకు కోస్తున్నారు" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే హౌస్ సర్జన్‌లకు ఒక క్లాసు అయిపోయింది.

సైలో

పేగులన్నీ ఒకేసారి లోపలికి నెట్టి కుట్టెయ్యొచ్చా అన్నది మొదటి ప్రశ్న. కొందరికి కుదురుతుంది. ఈ పాపకు కుదరదని చూడగానే తెలిసింది. పేగులు లేకుండా పెరిగిన పొట్ట చిన్నగా ఉంది, పేగులు వాచి ఉన్నాయి. బలవంతాన నెడితే పొట్టలో ఒత్తిడి పెరిగి మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది, ఊపిరి ఆడదు, పేగులే చచ్చుబడతాయి.

అలాంటప్పుడు పేగులను కొన్ని రోజులు సైలోలో, అంటే రంధ్రం మీద అమర్చే పారదర్శకమైన సంచీలో, ఉంచి మెల్లగా లోపలికి దించుతాం. స్ప్రింగ్ రింగు ఉన్న రెడీమేడ్ సైలో అందుబాటులో ఉంటే మత్తు లేకుండా మంచం దగ్గరే పెట్టొచ్చు. మాకు ఆ సైజు ఆ రాత్రి దొరకలేదు. స్టెరైల్ బ్లడ్ బ్యాగ్ కోసి గొట్టంలా అమర్చి, ఆపరేషన్ థియేటర్‌లో రంధ్రం అంచు చుట్టూ ఫాసియాకు, అంటే పొట్టగోడలోని గట్టి పొరకు, కుట్టాం. మన దేశంలో చాలా యూనిట్లు ఇలా చేస్తూనే ఉన్నాయి. చూడటానికి నాటుగా ఉంటుంది కానీ పారదర్శకంగా ఉంటుంది, అదే కావలసింది. కుట్టేముందు రంధ్రాన్ని పైకి ఒక సెంటీమీటరు పెంచాం, ఎందుకంటే పేగుల నాళాలు వచ్చే చోట అంచు బిగుతుగా ఉంది. పేగులు మెలిక తిరిగి లేవని చూసుకుని, సైలోను వార్మర్ మీదనుంచి టేపుతో నిటారుగా వేలాడదీశాం.

ఆ తర్వాత పని చేసేది గురుత్వాకర్షణ, ఓపిక. రోజుకు రెండుసార్లు పైనుంచి మెల్లగా కిందికి ఒత్తి, ఒత్తినంతవరకూ టేపు కట్టాలి. వాపు తగ్గుతున్నకొద్దీ పేగులు వాటంతటవే దిగుతాయి. దీన్ని మేం జూనియర్ల చేతికి వదిలెయ్యం. చూడాల్సినవి నాలుగు: గంటకు కిలోకి ఒక మిల్లీలీటరైనా మూత్రం వస్తోందా, కాళ్ల రంగు ఎలా ఉంది, వెంటిలేటర్ ఒత్తిడి పెరిగిందా, మూత్రాశయంలో ఒత్తిడి ఎంత. పొట్టలో ఒత్తిడి ఎంతుందో మూత్రాశయం ఒత్తిడే చెప్తుంది. దాన్ని మూత్రపు గొట్టం ద్వారానే కొలవొచ్చు, ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. 20 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ప్రమాదం, మేం 15 దాటకుండా చూసుకుంటాం.

మూడో రోజు సాయంత్రం మూత్రం తగ్గింది, కాళ్లు మచ్చలు మచ్చలుగా కనిపించాయి, ఒత్తిడి 18. పొద్దున కట్టిన టేపు ఒకటి విప్పి, పేగులు ఒక సెంటీమీటరు పైకి రానిచ్చాం. గంటన్నరలో మూత్రం వచ్చింది. ఇలా వెనక్కి వెళ్లడానికి కొందరు ఇష్టపడరు, రోజు వృథా అయిందంటారు. నా లెక్కలో ఒక రోజు ఆలస్యం కన్నా ఒక అడుగు పేగు పోవడం చాలా పెద్ద నష్టం.

ఆరో రోజున పేగులన్నీ పొట్టలో ఉన్నాయి. థియేటర్‌కి తీసుకెళ్లి సైలో తీసేసి ఫాసియా కుట్టాం, బొడ్డును అలాగే ఉంచాం. ఆడపిల్ల కదా అని బొడ్డు కోసం ప్రత్యేకంగా అడిగారు అమ్మమ్మ. అడగకపోయినా ఉంచేవాళ్లమే. కుట్టాక ఒత్తిడి 14. రెండు రోజుల తర్వాత వెంటిలేటర్ తీసేశాం.

పాల కోసం ఎదురుచూపు

ఇంట్లో వాళ్లకు ఆపరేషన్ అయిపోయిందంటే గండం గడిచిందని లెక్క. ఈ జబ్బులో అసలు కథ అప్పుడు మొదలవుతుంది. వాచిపోయిన ఆ పేగులు కదలడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ బతకాల్సింది నరం ద్వారా ఇచ్చే పోషణతో, అంటే టీపీఎన్‌తో: డెక్స్‌ట్రోజ్, అమైనో ఆమ్లాలు, లిపిడ్. దాన్ని చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా వెళ్లే సన్నటి లైన్ ద్వారా ఇస్తాం. ఆ లైన్ ప్రాణం పోస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది.

తల్లి మూడో రోజున వచ్చింది, ఇంకా నడవలేని స్థితిలో. పాలు తాగే పాప లేదు కాబట్టి పాలు పిండి పారబొయ్యమని ఎవరో చెప్పారట. అలా చెయ్యొద్దని, మూడు గంటలకోసారి పిండి దాచమని నర్సులు దగ్గర కూర్చుని నేర్పారు. ముర్రుపాల చుక్కలతో పాప నోరు తుడిచేవాళ్లం. పేగులకు పాలు వెళ్లకపోయినా తల్లికి పాలు ఆగకుండా ఉండటానికి అదొక కారణం అవుతుంది. బిడ్డను ముట్టుకోవడానికే భయపడ్డ ఆ అమ్మాయికి రోజూ చెయ్యడానికి ఒక పని కూడా దొరికింది.

పన్నెండో రోజున ట్యూబులో పసరు తగ్గి, పల్చని ఆకుపచ్చ మోషన్ అయింది. అప్పుడు పేగు మధ్యలో మూసుకుపోయి లేదని ధైర్యం వచ్చింది. నాలుగు వారాలైనా మోషన్ రాకపోతే కాంట్రాస్ట్ ఎక్స్‌రే తీయాల్సి వచ్చేది. పద్నాలుగో రోజు తల్లిపాలు 2 మిల్లీలీటర్లు, మూడు గంటలకోసారి. వార్డులో అందరం సంబరపడ్డాం.

పదిహేడో రోజు పాప మందగించింది. ఒంటి వేడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. పొట్ట ఉబ్బింది. ప్లేట్‌లెట్లు 58,000కి పడ్డాయి, ఇన్ఫెక్షన్‌ని సూచించే సీఆర్‌పీ పెరిగింది. ఇలాంటప్పుడు పేగు కుళ్లే ఎన్‌ఈసీనా, లైన్ ఇన్ఫెక్షనా అన్న సందేహం వస్తుంది, గ్యాస్ట్రోస్కైసిస్ పిల్లల్లో రెండూ సంభవమే. ఎక్స్‌రేలో పేగు గోడలో గాలి లేదు, పొట్టలో చిల్లు గుర్తులు లేవు. లైన్ తీసేశాం, పాలు ఆపాం, కల్చర్ పంపి యాంటీబయాటిక్ మార్చాం. కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే క్రిమి వచ్చింది, మామూలు యాంటీబయాటిక్స్ చాలావాటికి లొంగని రకం. మెరోపెనెమ్‌కి లొంగింది. ఆ నాలుగు రోజులూ మా అందరికీ టెన్షనే. ఆపరేషన్ రోజు కన్నా ఎక్కువ.

దేశంలో ఏ పెద్ద ఎన్‌ఐసీయూకి వెళ్లినా ఈ క్రిమి కనిపిస్తుంది. అది పోవడానికి కొత్త మందు కన్నా లైన్ ముట్టుకునే ప్రతిసారీ చేతులు కడగడం, లైన్ మూతిని రుద్ది తుడవడం, అవసరం లేని రోజు లైన్ తీసెయ్యడం ఎక్కువ పనిచేస్తాయి. ఈ మాట చెప్పి చెప్పి నాకు విసుగు, విని విని నర్సులకు విసుగు. అయినా చెప్తూనే ఉంటాం. ఒక్కో నర్సు చేతిలో ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క మారితే ఇంత చెప్పాల్సిన పని ఉండదు.

అయిదు రోజుల తర్వాత పాలు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఇంకా నెమ్మదిగా, రోజుకు కిలోకి 10 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున పెంచుతూ. ఇంతలో కళ్లు పచ్చబడ్డాయి. డైరెక్ట్ బిలిరుబిన్ 3.6. ఎక్కువ రోజుల టీపీఎన్, దాని మీద ఇన్ఫెక్షన్, రెండూ కలిస్తే కాలేయం ఇలా అలుస్తుంది. లిపిడ్ తగ్గించాం. దీనికి అసలు మందు నోటి ద్వారా వెళ్లే పాలే. 35వ రోజుకు టీపీఎన్ మొత్తం ఆపగలిగాం. 43వ రోజున తల్లి రొమ్ము పట్టి తాగుతూ, 2,420 గ్రాములతో ఇంటికెళ్లింది.

గ్రహణం, చుట్ట, కూలీ

తల్లి వచ్చిన రోజే అమ్మమ్మ నన్ను పక్కకు పిలిచింది. "గ్రానం పట్టినప్పుడు కత్తిపీట ముట్టుకుంది తల్లీ. సెప్తే ఇన్నాదా?" అత్తగారు ఇంకో రెండు మాటలు కలిపింది. మంచం అంచున కూర్చున్న ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని అక్కడే, అందరి ముందూ చెప్పాను. ఈ మాట తల్లికి ఒక్కదానికే చెప్తే సరిపోదు. ఆమెను అనేవాళ్లు వినాలి. గ్యాస్ట్రోస్కైసిస్ ఎందుకు వస్తుందో వైద్యానికి పూర్తిగా తెలియదు. 20 ఏళ్ల లోపు తల్లులకు పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందని ఎన్నో దేశాల లెక్కల్లో తేలింది. పొగ తాగే తల్లుల్లో కూడా కొంత ఎక్కువ. ఈ మాట దగ్గర అమ్మమ్మ కొంగు సర్దుకుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ (చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, ఆవిడ ఒకరు. కూతురు తాగదు. ఇంట్లో పొగ వల్లనే పాపకు ఇలా అయిందని నేను అనలేదు, అలా అనడానికి ఆధారం లేదు. నింద ఒకరి మీదనుంచి తీసి ఇంకొకరి మీద వెయ్యడం వైద్యం కాదు. పసిపాప ఉన్న గదిలో మాత్రం చుట్ట వెలిగించొద్దని గట్టిగానే చెప్పాను. పొగతో పసిపాప ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు వేరే సంగతి.

పెళ్లి వయసు గురించి ఆ గదిలో మాట్లాడి లాభం లేదు. ఏఎన్ఎంలు, ఆశాలు కూర్చునే మీటింగుల్లో మాట్లాడాలి.

ఆపరేషన్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద పోయింది. పాప తండ్రి మాత్రం పని మానుకుని మొదటి రెండు వారాలకు పైగా వార్డు బయటే ఉన్నాడు, కాంట్రాక్టు పని కాబట్టి రాని రోజుకు కూలీ లేదు. మధ్యలో ఒకరోజు బిడ్డను తీసుకెళ్లిపోతామని సంతకం పెట్టడానికి సిద్ధపడ్డాడు. అది ఇన్ఫెక్షన్ వచ్చిన వారం. అతన్ని ఆపింది మా కౌన్సెలింగ్ కాదు, పక్క మంచం పాడేరు బాబు తాత. "నువ్వు పనికెల్లు. ఆడోళ్లు సూసుకుంటారు. నేనున్నాను కదా" అని ఆయనే చెప్పి పంపించాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు.

తర్వాత

ఇంటికి పంపేటప్పుడు తెలుగులో రాసిన కాగితం ఒకటి ఇచ్చాం. పాప పేగులు పుట్టుకతో బయట ఉండి లోపలికి పంపారని, అందువల్ల అవి లోపల మామూలు చోట్లలో ఉండవని, అపెండిక్స్ కూడా వేరే చోట ఉండొచ్చని అందులో రాశాం. రేపు పదేళ్ల తర్వాత కడుపునొప్పితో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది చూపించాలి. పెద్ద అక్షరాలతో రాసింది ఇంకొకటి: ఆకుపచ్చ వాంతి అయితే ఉదయం దాకా ఆగొద్దు, పాలు మాన్పించి వెంటనే బయల్దేరండి. పేగులు అతుక్కుని అడ్డుపడటం మొదటి రెండేళ్లలో ఎక్కువ. తండ్రి ఆ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాడు, ఆశా కార్యకర్తకు పంపాడు.

మూడో నెలకు 4.3 కిలోలు, కళ్ల పసుపు పోయింది. ఆరో నెలకు 6.2. టీకాలన్నీ వేళకే పడ్డాయి. బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు ఉంది, ఏడిస్తే కనిపిస్తుంది. మూడు నాలుగేళ్ల దాకా దాన్ని ముట్టుకోనక్కర్లేదు, చాలావరకు అదే మూసుకుంటుంది. బిళ్ల పెట్టి గుడ్డ కట్టొద్దని చెప్పాను.

నర్సీపట్నం వైపు ఆ చిన్న ఆసుపత్రికి మేం డిశ్చార్జ్ సమ్మరీ ఒక కాపీ పంపాం, స్టాఫ్ నర్స్ పేరు మీదనే. వాళ్లు లేబర్ రూమ్‌లో ఒక డబ్బా పెట్టుకున్నారు: స్టెరైల్ సంచీలు రెండు, 8, 10 నంబర్ల ట్యూబులు, చిన్న ఐవీ క్యానులాలు, టోపీ, మా ఫోన్ నంబర్లు. ఖర్చు చాలా తక్కువ.

ఆరో నెల చెకప్‌కి వచ్చినప్పుడు తల్లి ఒక్కతే లోపలికి వచ్చి అడిగింది, "మేడం, రెండో బిడ్డకూ ఇలాగే అవుతాదా?" చాలావరకు అవ్వదని, కానీ ఒకసారి వచ్చిన కుటుంబంలో అవకాశం మిగతావాళ్ల కన్నా కొద్దిగా ఎక్కువని చెప్పాను. ఈసారి 18 నుంచి 20 వారాల మధ్య టిఫా తప్పనిసరి. ఎక్కడ ఉన్నా సరే, అత్తారింట్లో అయినా పుట్టింట్లో అయినా. లోపం కనిపిస్తే నవజాత శిశువులకు ఆపరేషన్ చేసేచోటే కాన్పు జరగాలి. సిజేరియన్ దీనికోసం అక్కర్లేదు. ఇప్పటికైతే తను గర్భం రాకుండా పీహెచ్‌సీలో అంతర ఇంజెక్షన్ వేయించుకుంటోంది, రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతోంది. పాపను ఏడాది నిండాక తీసుకురమ్మన్నాను.